బస్తాలో ఉండిపోయిన దబ్బనం

మా కాలంలో బియ్యం బస్తాకు శత్రువులు నలుగురు. ఎలుక, వాన, హమాలీ కొక్కెం, నేను. మొదటి ముగ్గురి గురించి మీకు మీ పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. నాలుగో శత్రువు గురించి చెప్పడానికి నాకంటే అర్హుడు దొరకడు కనుక నేనే కూర్చున్నాను.

మొన్నామధ్య మిర్యాలగూడలో ఒక కొత్త మిల్లు చూపిస్తామంటే వెళ్లాను. సంచి దానంతటదే నిండుతోంది, దానంతటదే కుట్టుకుంటోంది, చివర్లో చిన్న గుమ్మంలాంటి దానిలోంచి దూరి పోతోంది. సంచిలో గుండుసూది ఉన్నా ఆ గుమ్మం కీచుమంటుందట, సంచుల్ని మోసే పట్టా ఆగిపోతుందట. దాని దగ్గర నిలబడ్డ ఆపరేటరు, "ఇగ మనిషి సూడాల్సిన పనే లేదు తాతా" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వించడమే తప్ప నవ్వి ఊరుకోవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు ఎందుకో మాట రాలేదు. రాని ఆ మాటనే ఇప్పుడు అతనికీ, అతనిలా ప్యాకింగు పట్టాల దగ్గర నిలబడే మీ అందరికీ రాస్తున్నాను.

నా చదువు మూడో తరగతి. మా బడిలో ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాయాలి, తెలుగు ఎడమ నుంచి కుడికి రాయాలి. నేను ఈ రెండూ కాకుండా బడి నుంచి నేరుగా ఇంటికి నడిచాను. మాది గరిడేపల్లి దగ్గర పల్లె. కొన్నేళ్లు పొలం పనులు చేసి, ఇరవై రెండో ఏట మిర్యాలగూడ వచ్చి బియ్యం మిల్లులో బస్తాలు కుట్టే పనిలో చేరాను. అప్పటికి సాగర్ లేదు, కాలువ లేదు. చెరువుల కింద పండిన వడ్లే మిల్లుకు వచ్చేవి. నైజాం రాజ్యం పోయి, యూనియన్ పటాలాలు వచ్చి, మొదటి ఎండాకాలం అది.

మిల్లులో మేం నలుగురం కుట్టేవాళ్లం. మాలో పెద్దాయనకు అరవై దాటాయి. ఆయన్ని అందరూ మామ అనేవారు, నేనూ అన్నాను. ఆయన నన్ను అల్లుడా అనేవాడు. పిల్లనివ్వని మామ, కట్నం అడగని అల్లుడు, ఇద్దరికీ పేచీ లేదు. బస్తా మూతి మడిచి, సుతిలి తాడు ఎక్కించిన దబ్బనంతో పద్నాలుగు కుట్లు వేసి, రెండు చివర్లా చెవులు కట్టడం మా పని. నేను ఒక బస్తా కుట్టేలోగా మామ రెండు కుట్టేవాడు, మధ్యలో చుట్ట కూడా కాల్చేవాడు.

దబ్బనం మీరు చూసి ఉండకపోవచ్చు. జానెడు పొడవుండే ఇనుప సూది. కొస కొంచెం వంగి, చదునుగా, కత్తిలా ఉంటుంది. దాని విషయంలో మావాళ్లకు గట్టి పట్టింపులు. సూదిని చేతిలోంచి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే ఇద్దరి మధ్యా తగవు పుడుతుంది. ఇవ్వాల్సివస్తే ఎదురుగా ఉన్న బస్తాకు గుచ్చి చేయి తీసేయాలి, అవతలివాడు దాన్ని పీక్కోవాలి. దీపం పెట్టాక అసలు ఇవ్వనే కూడదు. అందుకని రోజూ పొద్దు వాలకముందే గుమాస్తా గోడకు వేలాడే గోనె పీలిక దగ్గర నిలబడేవాడు. మేం నలుగురం వచ్చి మా దబ్బనాలు దానికి గుచ్చేవాళ్లం. ఆయన ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేలితో తాకి వెళ్లిపోయేవాడు. అదే మా మిల్లులో లెక్క.

నేను చేరిన కొత్తలో మా బియ్యంలో ఇనుప మేకు వచ్చిందని ఒక ఊరి నుంచి ఫిర్యాదు వచ్చింది. వడ్లతో పాటు ఏమేం రావో చెప్పండి. విరిగిన కొడవలి ముక్కలు, బండి చీలలు, ఎడ్ల నాడాల మేకులు. షావుకారు బెజవాడ వైపు నుంచి ఒక మేస్త్రీని పిలిపించాడు. ఆయన ఒక పెద్ద సూదంటురాయి తెచ్చాడు. గుర్రపు నాడా ఆకారంలో, ఎత్తితే ఐదారు శేర్ల బరువుండేది. దాన్ని బియ్యం బస్తాలోకి జారే గొట్టం లోపల బిగించాడు. రోజూ సాయంత్రం విప్పి చూపించేవాడు. దాని కాళ్లకు మేకులు, రజను, ఒకసారి ఎవరిదో అంగీ కొక్కెం కూడా అంటుకుని ఉండేవి. మేం వింతగా చూసేవాళ్లం.

"ఇక మన బియ్యంలో ఇనుమన్న మాట ఉండదండి," అన్నాడు మేస్త్రీ షావుకారుతో.

అందరం నమ్మాం. మేస్త్రీ మంచి పనివాడు, ఆయన తప్పేమీ లేదు. కానీ గొట్టం దాటాక బియ్యం దగ్గరికి వచ్చే ఇనుము ఇంకోటి ఉందని ఆయనకూ తట్టలేదు, మాకూ తట్టలేదు. అది మా చేతుల్లోనే ఉంది మరి. చేతిలో ఉన్నదాన్ని ఎవడు వెతుకుతాడు?

ఊళ్లలో గొడవలకు ఇళ్లు వదిలి వచ్చిన జనం కోసం అప్పట్లో సూర్యాపేటలో ఒక గంజి కేంద్రం, కోదాడలో ఒక గంజి కేంద్రం నడుస్తుండేవి. రెండింటికీ చెరి ఇరవై బస్తాలు పంపాలని మా మిల్లుకు చెప్పారు. ఆ రోజు పొద్దున్నుంచీ అదే పని. మధ్యాహ్నం దాటాక నా దబ్బనం మొండికేసింది. కొస అరిగిపోయి గోనెలో దిగడం లేదు.

"మామా, నీది జర ఇయ్యి," అని చేయి చాపాను.

మామ నా చేతి వైపు చూడనైనా లేదు. తన దబ్బనాన్ని పక్క బస్తాకు గుచ్చి చుట్ట వెలిగించుకున్నాడు. "ఎన్నిసార్లు సెప్పాలె అల్లుడా. చేతికి ఇయ్యద్దు."

"ఇస్తే ఏమైతది? నువ్వు నాతోని కొట్లాడుతవా?"

"నీతోని కొట్లాట ఎందుకు. నీ నోటితోని నువ్వే కొట్లాడుకుంటవ్, ఇగ నాకేం పని."

హమాలీలు నవ్వారు. నా మీద ఎవరైనా నవ్వితే వడ్డీతో తిరిగి ఇవ్వడం నా అలవాటు. ఆయన దబ్బనంతో రెండు బస్తాలు కుట్టాను. తిరిగి ఇచ్చేటప్పుడు, ఆయన చెప్పినట్టే, ఎదుటి బస్తాకే గుచ్చాను. కాకపోతే ఊరికే గుచ్చలేదు. అరచేత్తో అదిమి, దాని బెజ్జం కూడా గోనెలోకి మునిగిపోయేదాకా దించాను. బయటికి ఏమీ కనబడదు. మామ తడుముకుంటాడు, నలుగురూ నవ్వుతారు, తర్వాత నేనే తీసిస్తాను. అంతే సరదా.

సరిగ్గా అప్పుడే ఇంజను పట్టా తెగింది. తెగిన పట్టా పాములా ఎగిరి గోడను కొట్టింది. అందరం అటు పరిగెత్తాం. మేస్త్రీ పట్టా అతికి, మళ్లీ ఎక్కించి, ఇంజను తిప్పేసరికి చాలాసేపు పట్టింది. తిరిగి వచ్చి చూస్తే మా ముందున్న బస్తాల వరస లేదు. ఈలోగా హమాలీలు నలభై బస్తాలనూ బండ్లకు ఎక్కించేశారు. సగం బండ్లు సూర్యాపేటకు, సగం కోదాడకు. ఆవరణలో బండ్లవాళ్లు మోకులు బిగిస్తున్నారు.

మామ తలగుడ్డ తడుముకున్నాడు. మొలలో చూసుకున్నాడు. కూర్చున్న చోట గోనెలు ఎత్తి చూశాడు. "నా దబ్బనం యాడ పెట్టిన్నో" అని గొణిగాడు.

బండ్లు ఇంకా కదల్లేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. నేను నోరు తెరిచి ఒక్క మాట అంటే, నలభై బస్తాలూ అక్కడే దించి, పొద్దు మునిగేలోపు వెతికి తీసేవాళ్లం. కానీ షావుకారు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నా కొత్త ఉద్యోగం నా కళ్ల ముందు కనబడింది. నేను నోరు తెరిచాను, నిజమే. తెరిచి, "ముసలితనం మామా, రేపు మీసాలు యాడ పెట్టిన్నో అని ఎతుకుతవ్" అన్నాను.

అందరూ నవ్వారు. బండ్లు గేటు దాటాయి.

పట్టా గొడవలో ఆలస్యమై, పొద్దు మునుగుతుండగా గుమాస్తా వచ్చి గోనె పీలిక దగ్గర నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు. ఆయన వేలు నాలుగో చోట ఆగింది.

"నాదే," అన్నాడు మామ. "యాడనో పోయింది."

"పోవుడేంది? కింద పడ్డదా?"

"కింద లేదు."

మేస్త్రీ చేతులకు నూనె తుడుచుకుంటూ వచ్చాడు. బస్తాలున్న ఖాళీ చోటును చూశాడు, గేటు వైపు చూశాడు. ఆయన ముఖం మారిపోవడం నేను చూశాను.

"కింద లేకపోతే బస్తాలో ఉందండి," అన్నాడు. "ఆ బియ్యం ఎవరికెళ్తుందో తెలుసు కదా. ఇళ్లలో అయితే ఆడవాళ్లు చాటలో పోసి చెరుగుతారు, రాళ్లేరతారు. అక్కడ ఎవరేరతారు? బస్తా విప్పి గుండిగలో పోసేస్తారు. దబ్బనం విరిగి ముక్కలైతే గంజిలో కనపడదు. పసిపిల్లలు గంజి నమిలి తాగరండి, మింగేస్తారు."

షావుకారు గుమ్మం దిగి వచ్చాడు. ఆయన కోపిష్టి, కానీ దుర్మార్గుడు కాడు. "రాత్రి బాట మీద పోనీకి మిలిటరోళ్లు బండ్లకే చీటీ ఇచ్చిన్రు. పొద్దుగాల్ల బస్సులకు ఇద్దరిని తోలుండ్రి. ఒకడు అటు, ఒకడు ఇటు," అన్నాడు.

"కోదాడకు నేను పోతా," అన్నాడు మామ. తర్వాత, ఎవరూ అడగకుండానే, చేయి చాపి నన్ను చూపించాడు. "సూర్యాపేటకు ఈన్ని పంపుండ్రి."

గుమాస్తా ఆశ్చర్యపోయాడు. "ఈ నవ్వులోడినా? ఇంకెవల్నన్న పంపుదాం."

"ఈన్నే పంపుండ్రి," అన్నాడు మామ.

మేస్త్రీ గొట్టం లోపలికి చేయి పెట్టి సూదంటురాయిని విప్పి తీసి నాకిచ్చాడు. "ఇది పట్టుకెళ్లు. ఒక్కటే ఉంది. ఆయనకు చేతి నేర్పుంది, నీకు లేదు."

"మరి మిల్లు?" అన్నాడు షావుకారు.

"ఇది తిరిగొచ్చేదాకా ఆపాల్సిందేనండి."

ఆ రోజుల్లో ఒక మనిషి షావుకారు ముఖం మీద అంత మాట అనడం నేను మళ్లీ చూడలేదు. మిల్లు ఆగింది.

తెల్లవారగానే బొగ్గు గ్యాసుతో నడిచే బస్సెక్కాను. సూదంటురాయిని పాత దుప్పటి ముక్కలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పెన్‌పహాడ్ దగ్గర మిలిటరీవాళ్లు బస్సు ఆపారు. ఊళ్లలో గొడవలు ఇంకా సద్దుమణగని రోజులు. ఒక జవాను నా ఒళ్లోని మూట వైపు తుపాకీ చూపించి, అదేమిటని హిందీలో అడిగాడు. నాకు వచ్చిన ఉర్దూ మూడో తరగతిది. అందులో సూదంటురాయికి మాట లేదు. దుప్పటి విప్పి చూపిస్తే అది మరీ అనుమానంగా కనబడింది. చూపిస్తే అర్థమవుతుందని దాన్ని కాస్త ముందుకు జరిపాను. అది ఠక్కున తుపాకీ గొట్టాన్ని పట్టుకుంది.

జవాను లాగాడు, నేను లాగాను. నా పక్కన కూర్చున్న ముసలమ్మ కళ్లు మూసుకుని దేవుళ్లందర్నీ పేరుపేరునా పిలిచింది. ఇంకో రోజైతే దీని మీద నేను నెల రోజులు కథలు చెప్పి బతికేవాణ్ణి. ఆ రోజు మాత్రం నా మనసులో ఉన్నది ఒక్కటే, ఆలస్యమవుతోంది. చివరికి వాళ్ల పెద్ద వచ్చి చూసి, నవ్వి, రాయిని పక్కకు జార్చి విడదీశాడు. బస్సు కదిలేసరికి ఎండ ముదిరిపోయింది.

సూర్యాపేటలో గంజి కేంద్రం సంత రేకుల షెడ్డు కింద ఉంది. నేను వెళ్లేసరికి రెండు గుండిగలు పొయ్యి మీద ఉడుకుతున్నాయి. షెడ్డు బయట జనం వరసగా కూర్చుని ఉన్నారు. ముందు పిల్లలు. చేతుల్లో సత్తు గిన్నెలు, ముంతలు, ఒకామె చేతిలో చిల్లుకు గుడ్డ చుట్టిన డబ్బా. అక్కడ వండే ఆమె నడివయసు మనిషి, మెడలో నల్లతాడుకు చిన్న సిలువ. అంతకుముందు హాస్టల్లో వంట చేసేదట. గరిటె పట్టుకుని మొదటి గిన్నె వైపు వంగుతోంది.

"పొయ్యకమ్మా," అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆమె గరిటె ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎవలయ్యా నువ్వు?"

చెప్పాను. మిల్లు, బస్తాలు, దబ్బనం. ఇక్కడికి వచ్చిందో కోదాడకు పోయిందో తెలియదని చెప్పాను.

"ఎన్ని బస్తాలు ఇప్పినవమ్మా?"

"రెండు. రెండూ ఈ గుండిగలల్లనే ఉన్నయి." ఆమె వరస వైపు చూసింది. "నిన్న పొద్దుగాల్ల తిన్నరు బిడ్డా వీళ్లు. ఇనుము సంగతి నాకు తెల్వది గని ఆకలి సంగతి తెలుసు. ఏం జెయ్యమంటవ్?"

అది నాకు ఎవరూ నేర్పని పని. ఆకలితో ఉన్న మనుషులకు, అన్నం ముందు పెట్టి ఆగమని చెప్పడం. ఏ హాస్యగాడికైనా అక్కడ ఒక మాట తోచి ఉండాలి. నాకు తోచలేదు. "ఎతికినంక పొయ్యి," అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆలోచించి వరస వైపు తిరిగింది. "ఓ అమ్మలారా, గంజిల సూది పడ్డదట. పిల్లగాండ్లు మింగితే పానం పోతది. రాళ్లేరుడు వచ్చినోళ్లందరు లెవ్వుండ్రి."

ఆడవాళ్లు లేచారు. పాతిక మంది ఉంటారు. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ ఎందుకని అడగలేదు. తాంబాళాలు, మూకుళ్లు, విస్తరాకులు, ఏది దొరికితే అది పరుచుకుని కూర్చున్నారు. ఆమె గరిటెడు గరిటెడు పోస్తుంటే, వేడి మెతుకుల్ని వేళ్లతో పలచగా పరిచి, ఒక్కో మెతుకూ తడిమి చూసి, పక్క గుండిగలోకి ఎత్తి పోశారు. పిల్లలు చూస్తూ కూర్చున్నారు. నేను సూదంటురాయిని సుతిలికి కట్టి గుండిగ అడుగుదాకా దింపి తిప్పాను. ఆవిరికి మోచేతుల దాకా తోలు ఎర్రబడింది. పైకి తీస్తే మెతుకులు తప్ప ఏమీ లేవు. మళ్లీ దింపాను.

నా పక్కన కూర్చుని మెతుకులు తడుముతూ వంటామె అడిగింది. "ఎవలు పడేసిన్రు దబ్బనం?"

ఆ మాటకు జవాబు నా నాలుక మీదే ఉంది. రెండక్షరాల మాట. "నేనే" అంటే సరిపోతుంది.

"ఒక ముసలాయన," అన్నాను.

ఆమె నిట్టూర్చింది. "పాపం. ఎంత కుములుతున్నడో ఏమో. అన్నం గూడ తిని ఉండడు."

నేను మళ్లీ గుండిగలో తల పెట్టాను. ఆవిరి మంచిది, కళ్లల్లో నీళ్లకు కారణం ఎవరూ అడగరు.

గుండిగల్లో దబ్బనం లేదు. పిల్లలు గంజి తాగుతుంటే నేను మిగతా పద్దెనిమిది బస్తాల దగ్గరికి వెళ్లాను. ఒక్కొక్కటే విప్పి, గోనె పట్టా మీద పలచగా పోసి, సూదంటురాయిని మెట్ట చేలో గుంటక తోలినట్టు అటూ ఇటూ లాగాను. మా మేస్త్రీ గొట్టాన్ని ఎలా తప్పించుకున్నాయో గాని రెండు చిన్న మేకులు దొరికాయి. దబ్బనం లేదు. పద్దెనిమిది బస్తాలూ అయ్యాయి. ఒక్కసారి చూస్తే సరిపోతుందని ఎవరైనా అంటారు. నేను ఆ బియ్యాన్ని రెండోసారి పోసి చూశాను. వంటామె వచ్చి, "సాలు బిడ్డా" అంది. నేను వినలేదు.

సాయంత్రం కోదాడ నుంచి వచ్చిన బస్సు డ్రైవరు షెడ్డు దగ్గరికి వచ్చి అడిగాడు. "మిర్యాలగూడ మిల్లు మనిషి ఎవరండి? మీ ముసలాయన చెప్పమన్నాడు. దొరికిందంట. పదకొండో బస్తాలో. ఎవరి నోటికీ పోలేదంట."

నేను బియ్యం మీదే కూర్చుండిపోయాను. వంటామె నాకు ఒక గిన్నెలో గంజి పోసి ఇచ్చింది. ఆ గంజి రుచి ఎలా ఉందని మీరు అడిగితే నేను చెప్పలేను.

విప్పిన బస్తాలన్నీ మళ్లీ నింపి కుట్టి వెళ్లమన్నారు. అందుకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు బయల్దేరబోతుంటే, మా మామను కోదాడ నుంచి సూర్యాపేట దవాఖానకు తెచ్చారని తెలిసింది.

కోదాడలో ఆయన దగ్గర సూదంటురాయి లేదు. బస్తా తర్వాత బస్తా విప్పి బియ్యాన్ని చేతులతోనే పిసికి చూశాడు. పదకొండో దాంట్లో దబ్బనమే ఆయన్ని వెతుక్కుంది. కొస బొటనవేలి మొదట్లో దిగి, ఎముకకు తగిలి, లోపలే విరిగింది. ఆయన విరిగిన ముక్కను పళ్లతో పీకి, రెండు ముక్కలూ నేల మీద పక్కపక్కన పెట్టి, అతుకు సరిపోయిందో లేదో చూసుకున్నాడట. సరిపోయాకే చేతికి గుడ్డ కట్టుకున్నాడట. చేయి మోచేతి దాకా వాచింది. డాక్టరు బొటనవేలు తీసేశాడు.

నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన చేతిని పరాయివాళ్ల పిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

"అల్లుడా, వచ్చినవా. గంజి బాగున్నదా సూర్యాపేటల?"

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. ఇన్ని రోజులుగా కాదు, పుట్టిన్నాటి నుంచీ దాచుకున్న మాటలా వచ్చింది. "మామా. దబ్బనం నువ్వు పోగొట్టలే. నేనే లోపటికి గుచ్చిన. సరదాకు."

"ఎరుకే," అన్నాడు.

నేను తలెత్తి చూశాను.

"నలభై ఏండ్ల సంది కుడుతున్న. నా దబ్బనం యాడ ఉన్నదో నిద్రల లేపి అడిగినా సెప్త. నీకు ఇచ్చినంక నాకు తిరిగి రాలే. గంతే కదా."

"మరి ఆడనే ఎందుకు సెప్పలే?"

"నాకు గుమాస్తా లెక్క పెడ్తున్నప్పుడు సమజైంది. అప్పటికి బండ్లు పోయినయ్. సెప్తే షావుకారు నిన్ను ఎల్లగొడ్తడు. సూర్యాపేటకు ఇంకోన్ని పంపుతడు. వాడు ఒక్కసారి సూసి, లేదని, బీడీ తాగి వస్తడు." మామ కట్టు చేతిని కొంచెం సర్దుకున్నాడు. "తప్పు చేసినోడు ఎతికినట్టు ఇంకెవడు ఎతుకుతడురా. రెండుసార్లు ఎతికినవంట కదా."

డ్రైవరు చెప్పి ఉంటాడు. నాకు ఏడుపు వచ్చింది. ఏడవడం కూడా సరిగ్గా రాదు నాకు, నవ్వినట్టే వినబడుతుంది. పక్క మంచం వాళ్లు అటు తిరిగి పడుకున్నారు.

"ఇప్పుడు పోయి సెప్త మామా. షావుకారుకు సెప్త, మేస్త్రీకి సెప్త. నీ మీద మాట ఎందుకు."

"సెప్పకు."

"ఎందుకు?"

"నాకు ఈ చేతితోని ఇగ కుట్టు రాదు. మాట పడితేంది, పడకుంటేంది, ఒక్కటే. నీకు ఇంకా ముప్పై ఏండ్ల పని ఉన్నది." ఆయన మంచి చేత్తో దుప్పటి సర్దుకున్నాడు. "సెప్తే నీ గుండె తేలికైతది. తేలికైనోడు మర్సిపోతడు అల్లుడా. జర మొయ్యి."

నేను మిర్యాలగూడ చేరేసరికి మేస్త్రీ కుట్టు చోట నాలుగు గుంజలు పాతిస్తున్నాడు. ఒక్కో గుంజకు ఒక్కో కొత్తరకం దబ్బనం, బెజ్జం కొస దగ్గరే ఉండి గుచ్చి వెనక్కే లాగేది, దాని పిడికి గజం పొడవు గొలుసు కట్టి ఉంది. గొలుసు దాటి దబ్బనం ఎక్కడికీ పోదు, చేతికి ఇవ్వాల్సిన పనీ లేదు, బస్తాకు గుచ్చి వదలాల్సిన పనీ లేదు. ఒకవేళ విరిగితే రెండు ముక్కలూ గుమాస్తా ముందు పెట్టి అతుకు చూపించాలి. అప్పటిదాకా గేటు తెరవరు.

"రాయిని గొట్టంలో పెట్టి పనైపోయిందనుకున్నాను," అన్నాడు మేస్త్రీ నా చేతిలోంచి సూదంటురాయిని తీసుకుంటూ. "దాని తర్వాత ఏముందో చూడలేదు. తప్పు నాది కూడా."

అంత పెద్ద పనివాడు అంత తేలిగ్గా తన తప్పు ఒప్పుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా వంతు వచ్చినట్టే అనిపించింది.

షావుకారు ఆఫీసు గది లోంచి వచ్చాడు. మామ చేయి సంగతి అడిగాడు, చెప్పాను. దవాఖాన ఖర్చు తనే పెట్టుకుంటానని అన్నాడు. వెళ్లబోయి ఆగాడు.

"అయితే నలభై ఏండ్ల పనిమంతుడు. దబ్బనం ఎట్ల పోగొట్టుకున్నడు రా ఆయన? నీ పక్కకే ఉండె కదా."

ఇంజను ఆగి ఉంది. మిల్లులో పిచ్చుకల చప్పుడు తప్ప ఏమీ లేదు. మేస్త్రీ, గుమాస్తా, హమాలీలు, అందరూ నా వైపు చూశారు. నేను ఏదో ఒకటి అంటానని వాళ్ల ముఖాల్లో నవ్వు అప్పుడే సిద్ధంగా ఉంది.

"తెల్వది షావుకారూ," అన్నాను.

బతుకంతా లెక్కలేనన్ని అబద్ధాలు సరదాకు చెప్పాను. ఒక్కటీ రాత్రి దాకా గుర్తులేదు. సరదాకు కాకుండా, మామ అన్నట్టు మోయడానికి చెప్పింది ఇదొక్కటే. గొలుసు పట్టుకుని నా గుంజ దగ్గర కూర్చున్నాను. మేస్త్రీ ఇంజను తిప్పాడు, గొట్టంలోంచి బియ్యం రాలడం మొదలైంది, మొదటి బస్తా నా ముందుకు జరిగింది.